తడి ఆరని బాణాలు

మా ఊళ్ళో ఆ ఏడు పెళ్ళయిన జంటకు సైకిల్ క్లబ్బు వాళ్ళు ఒక మర్యాద చేస్తారు. ఒక సున్నం బాల్చీ, రెండు కుంచెలు చేతికిచ్చి, ఆదివారం జరగబోయే వసంతయాత్రకు శనివారమే దారి పొడుగునా బాణాలు గీసి రమ్మంటారు. మా పెళ్ళికి వచ్చిన కానుకల్లో సలాడ్ గిన్నెలే ఎక్కువ. వాటన్నిటికన్నా నాకు ఈ బాల్చీయే నచ్చింది. గస్పార్‌తో కలిసి రోజంతా సైకిలు తొక్కడం, మలుపు మలుపుకీ ఆగి రోడ్డు మీద బొమ్మలు గీయడం! దీన్ని పని అని ఎవరంటారు?

రొట్టెల బట్టీ నడిపే ఇలేర్ మా క్లబ్బు అధ్యక్షుడు. మీసాల మీద పిండితోనే వచ్చి బాల్చీ అప్పగించాడు.

"ఏమ్మా నొయెమీ, బాణం తల ఎటుంటుందో తెలుసుగా? మీ ఆయనకి తెలీదు. పోయినేడు వాడి వెనకాల పడి ముగ్గురం పందుల కొట్టంలో తేలాం."

"అది దగ్గర దారి, ఇలేర్ బాబాయ్," అన్నాడు గస్పార్.

"పందులతో కూడా అదే చెప్పావ్."

మా పీఠభూమి రోడ్ల గురించి ఒక్క మాట చెప్పాలి. సన్నగా ఉంటాయి, తారు బాగుంటుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క కారు రాదు. వాటికోసమే ఎక్కడెక్కడి నుంచో సైకిళ్ళ వాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళు మ్యాపు చూడరు, ఊరి పేరు రాసిన పలకా చూడరు. తల వంచి రోడ్డునే చూస్తారు. బాణం కనబడితే తిరుగుతారు, అంతే. కన్నతల్లి పిలిచినా ఆగనివాడు బాణానికి మాత్రం ఎదురు చెప్పడు. ప్రతి క్లబ్బుకూ తనదైన బాణం ఉంటుంది. మా బాణానికి తోక చేప తోకలా చీలి ఉంటుంది.

గస్పార్ వాళ్ళ పెద్దమ్మ ఎర్నెస్టిన్ మా పక్కింట్లోనే ఉంటుంది. సున్నం రాలిపోకుండా గుప్పెడు ఉప్పు వేసి కలిపింది ఆవిడే.

"ఎటు గీస్తున్నార్రా?" అని అడిగింది.

"మిల్లు వైపు, పెద్దమ్మా."

"చెరువుల వైపు వద్దు."

"అటు దారెక్కడుంది పెద్దమ్మా? ముళ్ళ పొదలు తప్ప. కుందేలు కూడా సైకిలు దిగి నడవాలి."

ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగి, "నువ్వు వాడి వెనకే ఉండమ్మాయ్. వీడికి ముందెవడైనా కనబడితే ఒళ్ళు తెలీదు," అంది.

"అలాగే అత్తయ్యా," అన్నాను. వెనకుంటే అతని చెవులు కనిపిస్తాయి. ఎండ తగిలితే అవి లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా వెలుగుతాయి. ఆ చెవులను చూస్తూ ఎంత దూరమైనా తొక్కగలనని నాకప్పటికే రుజువైంది.

గస్పార్‌ది పందెం సైకిలు, దానికి బుట్ట లేదు. అందుకని బాల్చీ నా సైకిలు ముందు బుట్టలో ఎక్కింది. మొదటి బాణం చర్చి వెనక గీశాం. అది చేపలా కాక బాతులా వచ్చింది. రెండోది బాగా కుదిరింది. మూడోది గీస్తుంటే గస్పార్ కుంచెతో నా ముక్కు మీద చుక్క పెట్టాడు. నేను అతని చెవి మీద పెట్టాను. కంచె అవతల ఎర్రావులు నోట్లో గడ్డి పెట్టుకుని మమ్మల్నే చూశాయి. మా ఆవులకు సైకిళ్ళంటే భలే ఆసక్తి. ఎవరు పోతున్నా తలలెత్తి, మలుపు తిరిగేదాకా చూసి పంపిస్తాయి. నేను ప్రతి మందకూ నమస్కారం చెప్పుకుంటూ వచ్చాను.

దార్లో గస్పార్ తన మేనమామ సంగతి చెప్పాడు. ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. నేను పొరుగు పట్నం నుంచి వచ్చినదాన్ని కనక ముక్కలు ముక్కలుగా విన్నాను.

"లియోనార్ మామయ్య క్లబ్బులో అందరికన్నా బాగా గీసేవాడట. ఒక ఏడు కొత్త జంటలు ఎవరూ లేకపోతే తనే బాల్చీ తగిలించుకుని చెరువుల వైపు వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. మర్నాడు ఆయన బాణాలు పట్టుకునే వెతికారు. బాణాలు బాగానే ఉన్నాయి. ఉన్నట్టుండి రోడ్డు మధ్యలో, మలుపూ లేదు కూడలీ లేదు, ఆగిపోయాయి. అక్కడ బాల్చీ ఉంది. సున్నం నిండుగానే ఉందట."

"చెరువులో..."

"చెరువులూ వెతికారు. ఆ ఏడు యాత్ర ఆపేశారు. ఆయన గీసిన దారిని ఎవరూ తొక్కలేదు. అదొక్కటే మా అమ్మ బాధ. 'అంత మంచి దారి వేశాడు, ఒక్కడైనా తొక్కలేదే' అనేది." గేరు మార్చి, "నాకూ చిన్నప్పట్నుంచీ అదే అనిపిస్తుంది," అన్నాడు.

"నన్ను భయపెట్టి దగ్గరగా రప్పించుకోవాలనేగా?"

"వచ్చావుగా!"

నిజమే, హ్యాండిళ్ళు తగిలేంత దగ్గరగా వచ్చేశాను.

రాతి శిలువ ఉన్న కూడలికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ మా దారి ఎడమకు, మిల్లు వైపు తిరగాలి. నేను బాల్చీ దించబోతుంటే గస్పార్ చప్పట్లు కొట్టాడు. రోడ్డు మీద అప్పటికే ఒక బాణం ఉంది. తెల్లగా, నున్నగా, చీలిన చేప తోకతో కుడి వైపు చూపిస్తోంది.

"ఇలేర్ బాబాయ్ కొంటెతనం చూడు! మనకంటే ముందొచ్చి గీసేశాడు."

"మనం వెళ్ళాల్సింది మిల్లు వైపు కదా?"

"మార్చుంటాడు. మన తోకే కదా? చూడు ఎంత బాగా గీశాడో. మన బాతులు దీని ముందు నిలబడతాయా?"

వంగి వేలు పెట్టాను. వేలికి సున్నం అంటుకుంది. ఎండ మాడుతోంది, మేము గీసినవన్నీ గీసిన కాసేపటికే ఆరి పొడి రాలుతున్నాయి. ఇది మాత్రం చెమ్మగా, చల్లగా ఉంది.

"ఇప్పుడే వెళ్ళాడన్నమాట. పద, పట్టుకుని ఏడిపిద్దాం!" అంటూ గస్పార్ పెడల్ మీద లేచి నిలబడ్డాడు.

కుడివైపు చెరువుల దారి అని నాకు తెలుసు. గుర్తు రాలేదని కాదు. కానీ రోడ్డు మీద బాణం ఉంది, అది మా బాణం. మా క్లబ్బులో చేరిన నాటి నుంచి నా మెడ కూడా అలాగే అలవాటు పడిపోయింది. బాణం కుడికి చూపిస్తే సైకిలు కుడికి తిరుగుతుంది. తిరిగింది.

అంత హాయైన దారి నేను ఎప్పుడూ తొక్కలేదు. గోతులు లేవు, రాళ్ళు లేవు, తారు కొత్త పలకలా ఉంది. ఎక్కుడు వచ్చినా కాళ్ళకు తెలియడం లేదు. రెండు వైపులా పసుపు పూల పొదలు విరగబూశాయి. నేను నవ్వుతూనే ఉన్నాను. ముళ్ళ పొదలన్నాడే, కుందేలు దిగి నడవాలన్నాడే అని గస్పార్‌ను వెక్కిరించబోయాను. అప్పటికే అతను మలుపు దాటేశాడు.

"గస్పార్! ఆగు!"

"ఇక్కడే, మలుపు దాటితే!" అని కేక వినబడింది. చివర చిన్న దగ్గు.

మలుపు దాటాను. ఇంకో బాణం, అదీ తడిగానే. గస్పార్ లేడు. ముందు మరో మలుపు ఉంది. దాని అవతల ఈల వినిపిస్తోంది, ట్యూబుకు అతుకు వేసేటప్పుడు అతను వేసే ఈల. సంతోషంగా తొక్కాను.

మొదట ఆవుల సంగతి గమనించాను. ఒక పెద్ద మంద కంచెకు ఆనుకునే ఉంది. నమస్కారం చెప్పాను. ఒక్కటీ తలెత్తలేదు. అన్నీ రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డాయి, వానలో గాలికి వీపు పెట్టినట్టు. కానీ గాలి లేదు. పూల పొదల్లో తేనెటీగ కూడా లేదు.

తర్వాత రోడ్డు చూశాను. తడి సున్నం మీద నుంచి సైకిలు పోతే టైరుకు అంటుకుని ముందంతా తెల్ల చుక్కల గీత పడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే నా గీత స్పష్టంగా ఉంది. ఒక్క గీతే ఉంది. గస్పార్ నాకంటే ముందు వెళ్ళాడు. శిలువ దగ్గరి బాణం సరిగ్గా రోడ్డు నడుమ ఉంది, దాని మీద నుంచే వెళ్ళాడు, నేను చూశాను. అతని గీత ఏది?

"గస్పార్!"

"ఇక్కడే, మలుపు దాటితే!" చివర చిన్న దగ్గు.

అదే గొంతు, అదే దగ్గు, అదే ఎత్తులో. మళ్ళీ పిలిచాను. మళ్ళీ అదే, ఒక్క పిసరు మారకుండా. పిలవడం ఆపేశాను. పిలిస్తే ఇంకోసారి వినాల్సి వస్తుందని.

మలుపు దాటితే చిన్న పల్లె వచ్చింది. కిటికీల తలుపులన్నీ మూసి ఉన్నాయి. నడివీధిలో పొడవాటి బల్ల, దాని మీద తెల్ల గుడ్డ. యాత్రల్లో సగం దారిలో పెడతారే, అలాంటి ఫలహారాల బల్ల. కోసిన రొట్టె, ఎండబెట్టిన సాసేజ్ ముక్కలు, నల్ల ద్రాక్షంత మెత్తటి ఎండు ప్లమ్ములు, నారింజ బద్దలు, గిన్నెల్లో సూపు. సూపులోంచి ఆవిరి లేస్తోంది. బల్ల వెనక ఎవరూ లేరు.

నాకు బల్లలంటే మహా ఇష్టం. యాత్రకు వచ్చేదే సగం ఆ బల్ల కోసం. చెయ్యి చాపాను కూడా. ప్లమ్ము దగ్గరకు వెళ్ళాక చెయ్యి ఆగింది. అంత ఎండలో వెన్న కరగలేదు. నారింజల మీద ఈగ లేదు, సాసేజ్ మీద కందిరీగ లేదు. పొద్దున కాఫీ తప్ప ఏమీ తాగనిదాన్ని, నాకు ఆకలి వేయడం లేదు.

బద్దల్లో ఒకటి మాత్రం కొరికి ఉంది. కొరికిన చోట నడుమ చిన్న గుజ్జు గీత మిగిలింది. గస్పార్ పై పళ్ళ మధ్య సందుంది. నారింజ తింటే ఎప్పుడూ అలాగే మిగులుతుంది. ఆ గీత చూసి నేను ఎన్నిసార్లు నవ్వానో లెక్కలేదు. ఆ వేళ నవ్వు రాలేదు, గబగబా సైకిలెక్కి తొక్కాను.

పల్లె దాటాక నేల లోయలోకి వంగింది. అవతలి గట్టు మీద రోడ్డు మళ్ళీ కనిపించింది. దాని మీద ఇద్దరు పోతున్నారు.

ముందున్నవాడు గోధుమ రంగు ఉన్ని చొక్కా వేసుకున్నాడు. మా క్లబ్బు చొక్కాలు నారింజ రంగువి. గోధుమ రంగువి పాత ఫొటోల్లోనే చూశాను. అతని హ్యాండిల్‌కు బాల్చీ వేలాడుతోంది. అతను ఆగడం లేదు, వంగడం లేదు, కుంచె ముట్టుకోవడం లేదు. అతను దాటిన చోటల్లా రోడ్డు మీద తెల్లగా బాణం మిగులుతోంది. అతని వెనక చక్రానికి జానెడు దూరంలో గస్పార్.

సైకిలు తొక్కేవాళ్ళకు ఇది తెలుసు. ముందువాడి చక్రానికి దగ్గరగా ఉంటే గాలి అతనే కోసుకుపోతాడు, మనకు శ్రమ ఉండదు. అయితే ఆ చక్రం తప్ప మరేదీ చూడకూడదు. కొండ చూడవు, ఊరు చూడవు, పక్కన ఎవరు అరుస్తున్నారో వినవు. ఎర్నెస్టిన్ అత్తయ్య చెప్పింది అదే. ముందెవడైనా ఉంటే వీడికి ఒళ్ళు తెలీదు.

"గస్పార్!" అని గొంతు చించుకుని అరిచాను. అవతలి గట్టు నుంచి, అంత దూరం నుంచి, చెవి పక్కన అన్నట్టు వినబడింది.

"ఇక్కడే, మలుపు దాటితే!"

నేను పట్టుకోలేను. మామూలు రోజున కూడా అతను నాకోసం ఆగితేనే కలిసి తొక్కుతాం. సైకిలు నిలిపి, హ్యాండిల్ మీద తల ఆనించి ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని ఆలోచించాను. గీసింది లియోనార్ మామయ్య అయితే అది మా క్లబ్బు దారి. మా క్లబ్బు దారి ఎప్పుడూ చుట్టు తిరిగి మొదలైన చోటికే వస్తుంది. లేకపోతే చివర క్లబ్బులో పెట్టే సూపు ఎవరు తాగుతారు? మొదటి బాణం రాతి శిలువ దగ్గరుంది. వీళ్ళు అక్కడికి రావాలి. వస్తే మళ్ళీ అదే బాణం కనబడుతుంది, మళ్ళీ కుడికి తిరుగుతారు. అలా ఎన్నాళ్ళు? మామయ్యకైతే అలవాటే.

వాళ్ళకంటే ముందు నేను అక్కడ ఉండాలి. వెనక్కి తిరిగాను.

వెనక్కి తిరిగిన దారి ఇందాకటిది కాదు. తారు మధ్యలో గడ్డి మొలిచింది. గోతుల్లో చక్రం పడి ఇనప రింగు రాయికి కొట్టుకుంది. పల్లెలో పైకప్పులు లేవు, గుమ్మాల్లో దురదగొండి నడుమెత్తు పెరిగింది. బల్ల ఉన్న చోట ముళ్ళ తీగలు. ఆగి చూడలేదు. కాళ్ళు గీరుకుపోయాయి, బాల్చీ బుట్టలోంచి ఎగిరిపడి సున్నం ఒళ్ళంతా చిందింది. కంచె దగ్గర ఆవులు మాత్రం తలెత్తి నన్ను చూశాయి. ఆ చూపుకు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

రాతి శిలువ దగ్గర బాణం ఇంకా చెమ్మగానే ఉంది. గడ్డి పెరికి తుడిచాను. మట్టి పోసి కాలితో రుద్దాను. మట్టిలోంచి తెలుపు మళ్ళీ పైకి ఊరింది, పుండు మీద కట్టులోంచి నెత్తురు ఊరినట్టు.

అడుగున మిగిలిన సున్నంలో కుంచె ముంచాను. ఏం గీయాలి? తప్పు దారి అని చెప్పే అడ్డగీతలు గీస్తే ఇద్దరూ వెనక్కి తిరుగుతారు, మళ్ళీ ఆ పల్లె, ఆ బల్ల. ఇంటి వైపు బాణం గీస్తే ఇద్దరూ ఇంటికే వస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇంటికి ఎవరొచ్చినా నాకు పండగే. కానీ ఆయన్ని నేను భోజనానికి పిలవలేను.

కుంచె చేతిలోనే ఉంది, సైకిలు చప్పుడు వినిపించింది. తొక్కడం ఆపి వదిలేసినప్పుడు వెనక చక్రంలో వచ్చే కటకట చప్పుడు. రెండు సైకిళ్ళు వస్తున్నాయి, చప్పుడు మాత్రం ఒకటే.

పొదల మధ్య నుంచి వచ్చారు. లియోనార్ మామయ్య కుర్రవాడు. గస్పార్ కన్నా చిన్నవాడిలా ఉన్నాడు. అవే చెవులు. ఎండ వాటి మీద పడుతోంది గానీ అవి ఎర్రబడలేదు. ఆయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. వెనక గస్పార్ నోరు కాస్త తెరుచుకుని, ముఖం మీద ఒక్క చెమట చుక్క లేకుండా, ఆ చక్రాన్నే చూస్తున్నాడు.

"గస్పార్, నేను! ఇలా చూడు! నొయెమీని!"

అతను, చేయి చాపితే అందేంత దగ్గరికి వస్తూ, పెదవులు సరిగ్గా కదపకుండా అన్నాడు. "ఇక్కడే, మలుపు దాటితే." దగ్గాడు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను ఆలోచించి అన్నది కాదు. గుంపుగా తొక్కేటప్పుడు వెనకాల చివర ఉన్నవాళ్ళకు ఒక విధి ఉంటుంది. వెనక నుంచి బండి వస్తే అరవాలి. అరుపు వినగానే అందరూ కుడి అంచుకు సర్దుకుంటారు, మా దగ్గర బళ్ళు నడిచేది కుడి పక్కనే. ఎందుకు, ఎక్కడ అని ఎవరూ అడగరు. తల తిప్పి చూడరు. మాట మెదడుకు చేరేలోపే చేతులు హ్యాండిల్‌ను తిప్పేస్తాయి.

"కారు!" అని అరిచాను. "వెనక కారు!"

గస్పార్ కుడికి జరిగాడు. మరీ జరిగాడు, గడ్డిలోకి, గట్టు మీంచి పూల పొదలోకి సైకిలుతో సహా వెళ్ళిపోయాడు.

ఆయన జరగలేదు. ఆయన దారిలో కార్లు లేవు. నా ముందు నుంచే వెళ్ళాడు. బాల్చీ పట్టు కిర్రుమంది, తడి ఉన్ని వాసన తగిలింది. బాణం దగ్గర కుడికి తిరిగాడు. కొంచెం దూరం పోయాక భుజం మీదుగా వెనక్కి చూశాడు. నన్ను కాదు. తన వెనక చక్రం వైపు, అక్కడ ఎవరైనా ఉన్నారా అని. కాసేపు అలాగే చూస్తూ తొక్కాడు. తర్వాత ముందుకు తిరిగాడు.

పొదలోంచి తిట్లు వినిపించాయి. జీవితంలో అంత తియ్యటి తిట్లు నేను వినలేదు.

"కారేదీ? వెధవ, ఈ దార్లో అంత స్పీడా! నంబర్ చూశావా?"

"చూడలేదు," అని అతని మీద పడి నవ్వాను, ఏడ్చాను, ముఖమంతా సున్నం పూశాను.

"ఏమైంది నీకు? మోకాళ్ళేంటి అలా గీరుకున్నాయి? ఇప్పుడేగా మనం ఇక్కడికొచ్చాం!" అంటూ పళ్ళ సందులోంచి ఏదో పీచు తీసి చూసుకున్నాడు. నారింజ పీచు. "ఇదెక్కడిది?" అన్నాడు. నేను దాన్ని లాక్కుని గడ్డిలో పారేశాను.

మిల్లు దారి బాణాలు పొద్దుగూకకముందే గీసేశాం. సున్నం చాలక చివరివి తోకలు లేకుండానే మిగిలాయి. ఇలేర్ బాబాయ్ దగ్గరకు వెళ్ళి, శిలువ కూడలిలో సున్నం అంటుకోవడం లేదు, రేపు మీరే నిలబడి చేత్తో దారి చూపించాలి అన్నాను.

"పెళ్ళయ్యాక ఇద్దరికీ బుర్ర పోయిందన్నమాట. సున్నం అంటుకోని రోడ్డు ఉంటుందిటే?" అని నవ్వాడు. నా మోకాళ్ళు చూసి నవ్వు ఆపి, "సరే, నిలబడతా," అన్నాడు.

సాయంత్రం భోజనానికి ఎర్నెస్టిన్ అత్తయ్య మా ఇంటికే వచ్చింది. దుంపలు, మీగడ కూరి కాల్చిన రొట్టె తెచ్చింది. గస్పార్ దాదాపు మొత్తం తినేశాడు. గిన్నె అడుగున మిగిలిన సూపులో ఊరి అలవాటు ప్రకారం ఎర్ర వైన్ పోసుకుని, గిన్నె ఎత్తి తాగి, మూతి తుడుచుకున్నాడు. మా ఇంటి మగాడు నాకు దక్కాడని అప్పుడు నమ్మకం కుదిరింది. అతను గిన్నెలు కడగడానికి వెళ్ళగానే అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. నా గోళ్ళ చుట్టూ సున్నం ఎండిపోయి ఉంది, ఒక్క వేలి మీద తప్ప. ఆ వేలి మీద ఇంకా తడిగానే ఉంది. ఆవిడ తన గౌను అంచుతో తుడిచింది.

"వెనక్కి చూశాడా?" అని అడిగింది.

"చూశారు అత్తయ్యా."

"మా తమ్ముడికి వెనక ఎవరూ లేకపోతే తోచదు. చిన్నప్పట్నుంచీ అంతే. బడికి కూడా ఒంటరిగా పోయేవాడు కాదు." గొంతు తగ్గించి, "చెడ్డవాడు కాదమ్మా," అంది.

"తెలుసు."

"తెలిసినా సరే," అని, "వీణ్ణి మాత్రం వదలకు," అంది.

ఆదివారం యాత్ర బాగా జరిగింది. ఇలేర్ బాబాయ్ శిలువ దగ్గర నిలబడి, రెండు చేతులూ ఎడమకు చాపి, వచ్చిన ప్రతివాణ్ణీ తిట్టి మరీ పంపించాడు. రోడ్డు మీద ఏ బాణమూ కనబడలేదట. అందరూ తిరిగొచ్చారు, సూపు సరిపోలేదు, ఎవరో అకార్డియన్ వాయించారు, నేను చెప్పులు అరిగేలా నాట్యం చేశాను.

ఆ రాత్రి పక్క వేస్తుంటే గస్పార్ కిటికీ దగ్గర నిలబడి అన్నాడు.

"ఏం దారి నొయెమీ! ఒక్క కారు లేదు."

"మిల్లు దారిలో ట్రాక్టరు వచ్చింది కదా?"

"మిల్లు దారి కాదు," అన్నాడు. తర్వాత తన మాటకు తానే ఆశ్చర్యపడ్డట్టు తల గీరుకున్నాడు. నేను వెళ్ళి కిటికీ మూసి, అతని చెవి పట్టుకుని మంచం దగ్గరకు లాక్కొచ్చాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అతను ముందు, నేను వెనక తొక్కుతున్నాం. రోడ్డు మరీ ఖాళీగా, మరీ హాయిగా అనిపించినప్పుడల్లా "కారు!" అని అరుస్తాను. అతను కుడికి జరుగుతాడు. వెనక్కి చూసి, ఏమీ లేకపోతే నన్ను తిడతాడు. క్లబ్బులో నాకు పేరు కూడా పెట్టారు, దయ్యపు కార్ల నొయెమీ అని. ఇలేర్ బాబాయ్ అయితే నేను బట్టీలోకి అడుగు పెట్టగానే గోడకు అతుక్కుని దారి ఇస్తాడు. నాకేం బాధ లేదు. ఎంతైనా నవ్వుకోనీ.

పోయిన ఆదివారం మిల్లు దాటాక తిన్నని రోడ్డు మీద అరిచాను. గస్పార్ జరగలేదు. రోడ్డు నడుమే, తల వంచి తొక్కుతున్నాడు. మళ్ళీ అరిచాను. మూడోసారి ఇంకా గట్టిగా అరిచాక కుడికి వచ్చాడు.

"వినబడలేదు, గాలి," అన్నాడు.

చెట్ల మీద ఒక్క ఆకు కదలడం లేదు. అతను గట్టు మీంచి పసుపు పూల రెమ్మ తెంపి నా హ్యాండిల్‌కు గుచ్చాడు. నేను అతని చెవి మీద ముద్దు పెట్టాను, వెచ్చగా ఉంది. చాలా సంతోషమేసింది.

అరుపు బాగా వినబడాలని ఇప్పుడు ఇంకాస్త దగ్గరగా తొక్కుతున్నాను. జానెడు దూరంలో. అంత దగ్గరగా ఉంటే గాలి అసలు తగలదు, కాళ్ళకు శ్రమే తెలియదు. ఒకటే ఇబ్బంది. దారి కనబడదు, అతని చెవులు కూడా కనబడవు. అతని వెనక చక్రం ఒక్కటే కనబడుతుంది.